వేల చేతులు, ఒక కొలత

3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల గుర్తుగా తయారైన స్మారక బొంతలో ప్రతి ముక్కా ఈ కొలతకే ఉంటుంది. మనిషిని పూడ్చిపెట్టే గొయ్యి దాదాపు ఇంతే ఉంటుంది కాబట్టి ఆ కొలత పెట్టారు. అదొక్కటీ తప్ప మిగతాదంతా కుట్టేవాళ్ల ఇష్టం. పోయిన మనిషి తొడుక్కున్న జీన్స్ ప్యాంటును కుట్టినవాళ్లు ఉన్నారు. దూది కూరిన బొమ్మలు అతికించినవాళ్లు ఉన్నారు. ఉత్తరాలు, ఫొటోలు, పెళ్లి ఉంగరాలు, చివరికి చితాభస్మం కూడా ఆ గుడ్డల్లో చేరింది. కుట్టుపనిలో చెయ్యి తిరిగినవాళ్ల ముక్క పక్కనే అప్పుడే మొదటిసారి సూది పట్టుకున్నవాళ్ల ముక్క ఉంటుంది.

ఈ ఆలోచన క్లీవ్ జోన్స్ అనే ఉద్యమకారుడిది. 1985 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కొవ్వొత్తుల ఊరేగింపు జరిగింది. అందులో నడిచినవాళ్లు ఎయిడ్స్‌తో పోయిన తమవాళ్ల పేర్లను అట్టల మీద రాసి తెచ్చి, అక్కడి ఫెడరల్ భవనం గోడకు అతికించారు. ఆ గోడ జోన్స్ కంటికి అతుకుల బొంతలా కనిపించింది. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానంలో 1,920 ముక్కలను పరిచారు. ఇప్పుడు ఆ బొంతలో దాదాపు 50,000 ముక్కలు, 1,10,000కు పైగా పేర్లు ఉన్నాయి. బరువు 54 టన్నులు.

మరి దీని కళాకారుడు ఎవరు? జోన్స్ కుట్టినవి కొన్ని ముక్కలే. మిగతావి కుట్టినవాళ్లలో చాలామందికి తాము కళాకారులమన్న ఊహే ఉండి ఉండదు. అయినా బొంతను ఎక్కడ పరిచినా చూసేవాళ్లకు అది ఒకే వస్తువులా కనిపిస్తుంది, కుప్పలా కనిపించదు. ఆ పని చేసింది కొలత. 8 ముక్కలు కలిపితే 12 అడుగుల చదరం వస్తుంది. ఎవరు ఎక్కడ కుట్టి పంపినా ఆ చదరంలో ఇమిడిపోతుంది. అవసరం కోసం పెట్టిన కొలతే అర్థాన్ని కూడా మోసింది. మైదానంలో నడిచే మనిషికి ఒక్కో ముక్క దగ్గర ఒక మనిషి పడుకున్నంత జాగా కనిపిస్తుంది.

చాలామంది కలిసి చేసే కళ గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా ఐకమత్యం, ఉత్సాహం, తలో చెయ్యి వేయడం లాంటి మాటలు వినిపిస్తాయి. అవి అబద్ధం కాదు గానీ వాటితో ఏమీ తేలదు. ఉత్సాహం ఉన్న జనం కలిసి చేసిన పరమ నీరసమైన గోడబొమ్మలు ఎన్ని లేవు? తేడా వచ్చేది ఇంకోచోట. ఏది బిగించాలి, ఏది వదిలేయాలి అన్నది జనం రాకముందే ఎవరో ఒకరు తేల్చి ఉండాలి. ఇలాంటి పనుల్లో అసలు కళ ఉండేది ఆ తేల్చడంలోనే. బొమ్మ జనానిది, నియమం కళాకారుడిది. నియమం పేలవంగా ఉంటే ఎంత గొప్ప జనం వచ్చినా పని నిలబడదు.

బిగింపు ఎంత, వదులు ఎంత

బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గోర్మ్‌లీ 1990లలో మట్టిబొమ్మలతో ఒక వరస పనులు చేయించాడు. వాటిలో బాగా పేరొచ్చింది 1993లో ఇంగ్లండ్‌లోని సెయింట్ హెలెన్స్‌లో తయారైనది. సుమారు 100 మంది స్థానికులు కలిసి దాదాపు 40,000 బొమ్మలు చేశారు. వాళ్లకు ఇచ్చిన సూచనలు చాలా తక్కువ. బొమ్మ చేతిలో పట్టేంత ఉండాలి, దానంతట అది నిలబడాలి, రెండు కళ్లు ఉండాలి. అంతే. ముక్కు, నోరు, చేతులు అక్కర్లేదు. కాల్చిన ఆ బొమ్మలన్నిటినీ ఒక గది నిండా, అన్నీ గుమ్మం వైపు చూసేలా నిలబెడతారు. చూడడానికి వచ్చినవాళ్లకు లోపల కాలు పెట్టే చోటు ఉండదు. గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. 40,000 జతల కళ్లు వాళ్లనే చూస్తుంటాయి.

ఇక్కడ కళ్ల నియమం తీసేస్తే ఏం మిగిలేది? మట్టిముద్దల గది. ముక్కు కూడా ఉండాలని అని ఉంటే? అప్పుడు బాగా చేయగలిగినవాళ్లకూ చేయలేనివాళ్లకూ తేడా బయటపడేది, చూసేవాళ్ల కన్ను బాగున్న బొమ్మలను వెతుక్కుంటూ పోయేది. పుల్లతో రెండు గుంటలు పొడవడం ఎవరికైనా వచ్చు. అక్కడ నేర్పుకు పని లేదు. అయినా ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. చెయ్యి మట్టిని నొక్కిన తీరే ఒక్కో మనిషి సంతకంలా పడుతుంది. 1994లో గోర్మ్‌లీకి బ్రిటన్‌లో కళాకారులకిచ్చే టర్నర్ బహుమతి రావడంలో ఈ పనికి పెద్ద వాటా ఉంది.

జపాన్ కళాకారిణి యయోయి కుసామా బిగింపును ఇంకా ముందుకు తీసుకెళ్లింది. 2002లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీ పిల్లల కోసం ఒక పని చేయమని అడిగితే, గోడలు, బల్లలు, కుర్చీలు, దీపాలు అన్నీ తెల్లగా ఉన్న ఒక గదిని సిద్ధం చేసింది. వచ్చినవాళ్లకు రంగురంగుల గుండ్రటి స్టిక్కర్లు ఇస్తారు, ఎక్కడైనా అంటించుకోవచ్చు. ఆకారం, పరిమాణం, రంగు అన్నీ ముందే నిర్ణయమైనవే. మనిషి చేతిలో మిగిలింది చోటు ఒక్కటే. కొన్ని వారాలకు గది కనిపించకుండా పోతుంది, చుక్కలే మిగులుతాయి. ఒక్కో మనిషి వాటా చూస్తే నవ్వొచ్చేంత చిన్నది. గోర్మ్‌లీ బొమ్మల్లో చేసినవాళ్ల వేళ్లు కనిపిస్తాయి, కుసామా గదిలో ఎవరి చుక్క ఏదో వాళ్లకే తెలియదు. గది పేరు ‘ఆబ్లిటరేషన్ రూమ్’, అంటే పేరులోనే చెరిపేయడం ఉంది, అందుకని ఇందులో మోసమేమీ లేదు.

రాతతో కూడా ఇదే జరుగుతుంది. 2011లో న్యూ ఆర్లీన్స్‌లో క్యాండీ చాంగ్ ఒక పాడుబడ్డ ఇంటి గోడకు నల్లబల్ల రంగు వేసి, ‘చనిపోయేలోగా నేను...’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని వరసలు వరసలుగా ముద్రించి, పక్కన సుద్దముక్కలు పెట్టింది. మర్నాటికి గోడ నిండిపోయింది. తర్వాత అలాంటి గోడలు 75కు పైగా దేశాల్లో 5,000 దాకా వెలిశాయి. ఖాళీ గోడ చూపించి ఏదైనా రాయమంటే జనం తమ పేరో, ఎవరినో తిట్టే తిట్టో రాస్తారు. సగం వాక్యం ముందుంటే చెయ్యి తటపటాయిస్తుంది. మొదట రాసిన నలుగురైదుగురు ఏం రాశారన్నదాన్ని బట్టి తర్వాతివాళ్ల రాత మారుతుందన్నది కూడా మరచిపోకూడదు. ఇలాంటి గోడను నడిపేవాళ్లకు మొదటి గంటే టెన్షన్.

వీటన్నిటికీ పెద్దన్నలాంటి ఆట ఒకటుంది. 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టులు, అంటే కలల్లాంటి వింతలను కళలోకి తెచ్చినవాళ్లు, ఆడుకున్నది. కాగితం మీద ఒకరు తల గీసి, ఆ భాగం మడిచి పక్కవాళ్లకు ఇస్తారు. వాళ్లు మొండెం గీసి మడుస్తారు, మూడోవాళ్లు కాళ్లు గీస్తారు. అంతకుముందు ఏముందో ఎవరికీ తెలియదు, అంచున కనిపించే రెండు గీతలే ఆధారం. ఈ ఆటలో నియమమల్లా చూడకపోవడమే. చూస్తే పాత అలవాట్లు చేతిలోకి వచ్చేస్తాయి, చూడకపోతే వింత జంతువు పుడుతుంది.

ఒక్క గడి, ఐదు నిమిషాలు

ఇంటర్నెట్‌లో చర్చావేదిక నడిపే రెడిట్ సంస్థ 2017 ఏప్రిల్ 1న ‘ప్లేస్’ అన్న పేరుతో ఒక తెల్లటి చదరం పెట్టింది. అడ్డం 1,000 గడులు, నిలువు 1,000 గడులు, 16 రంగులు. ఎవరైనా ఒక గడికి రంగు వేయొచ్చు. వేశాక మళ్లీ వేయాలంటే 5 నుంచి 20 నిమిషాలు ఆగాలి. ఎవరు వేసిన గడి మీదైనా ఎవరైనా ఇంకో రంగు వేసేయొచ్చు. 72 గంటలు నడిచింది. పది లక్షల మందికి పైగా పాల్గొన్నారు. దీన్ని రూపొందించడంలో ముందున్న జోష్ వార్డల్, తర్వాత కొన్నేళ్లకు వర్డిల్ అనే పదాల ఆటతో ప్రపంచమంతా తెలిసిపోయాడు. అక్కడా రోజుకు ఒక్క మాటే. మనిషిని ఆపి ఉంచితే ఏమవుతుందో అతనికి బాగా తెలిసినట్టుంది.

ప్లేస్‌లో అసలు విషయం ఆ ఆగడమే. గడికి గడికి మధ్య ఎదురుచూపు లేకపోతే ఒక్క మనిషి రాత్రంతా కూర్చుని తనకు కావలసిన బొమ్మ వేసుకునేవాడు. ఎదురుచూపు ఉంది కాబట్టి ఒక్కడి వల్ల ఏదీ కాదు. ఐదు నిమిషాలకొక గడి చొప్పున మూడు రోజులు నిద్ర మానేసి వేసినా 864 గడులు దాటవు. అంటే 30 గడుల చదరం కూడా నిండదు, ఈలోగా పక్కవాళ్లు చెరిపేస్తుంటారు. అందుకని మొదటి కొన్ని గంటల పిచ్చిగీతల తర్వాత జనం జట్లు కట్టారు. గడుల లెక్కతో నమూనాలు తయారుచేసుకున్నారు, వేళల ప్రకారం వంతులు వేసుకున్నారు, పక్క జట్లతో సరిహద్దు ఒప్పందాలు చేసుకున్నారు. జర్మనీ జెండా పెరిగి పెరిగి ఫ్రాన్స్ జెండా మీదికి వచ్చింది. గొడవ జరిగిన ఆ చోటే చివరికి యూరోపియన్ యూనియన్ జెండాగా తేలింది. మోనాలిసా వెలిసింది. అన్నిటినీ నల్లరంగుతో మింగేయాలనుకున్న జట్టు ఒకటి తయారైంది, మధ్యలో ఉన్న అమెరికా జెండా మీద అది పడితే మిగతా జట్లు కలిసి జెండాను తిరిగి నిలబెట్టాయి.

వీటిలో ఏ ఒక్కటీ నియమాల్లో రాసి లేదు. జెండాలు వేసుకోండని గానీ, పొత్తులు పెట్టుకోండని గానీ ఎవరూ చెప్పలేదు. చెరిపే హక్కు అందరికీ ఇచ్చి, వేగం అందరికీ తగ్గించారు. ఆ రెండింటి నుంచే మిగతాదంతా పుట్టింది. చెరిపేవాళ్లు అల్లరి మూక అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ నల్లజట్టు లేకపోతే మొదటి రోజు వేసిన నాసిరకం బొమ్మలు చివరిదాకా అలాగే ఉండిపోయేవి. నిలబెట్టుకోవాలన్న పట్టుదల జనంలో పుట్టిందే చెరిగిపోతుందన్న భయం వల్ల.

దీనికి ఇంకో ముఖం ఉంది. ఒక చిన్న జట్టు మూడు రోజులు కష్టపడి వేసుకున్న బొమ్మను వేలమంది కలిసి పది నిమిషాల్లో తుడిచేస్తే, అది ఎవరి పని? ఒక్కొక్కరు వేసింది ఒక్క గడే. తిలా పాపం తలా పిడికెడు. కలిసి చేసే కళలో మంచి ఎలా పంచబడుతుందో చెడ్డ కూడా అలాగే పంచబడుతుంది, చివరికి ఎవరి వాటాకూ ఏమీ రాదు.

మజ్జిగ ఎక్కడ పలచబడుతుంది

మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందంటారు. అది సామూహిక కళకు వర్తిస్తుందా అంటే, ఒక రకానికి మాత్రమే వర్తిస్తుంది. 1990లలో విటాలీ కొమర్, అలెగ్జాండర్ మెలమిడ్ అనే ఇద్దరు కళాకారులు, సోవియట్ యూనియన్ నుంచి అమెరికాకు వచ్చినవాళ్లు, దాన్ని చమత్కారంగా రుజువు చేశారు. వృత్తిగా సర్వేలు చేసే సంస్థతో వెయ్యిమంది అమెరికన్లను అడిగించారు. మీకు ఏ రంగు ఇష్టం, బొమ్మలో మనుషులు ఉండాలా జంతువులు ఉండాలా, బొమ్మ ఎంత పెద్దదై ఉండాలి, ఇలా. జవాబులన్నీ కూడి ‘అందరూ ఎక్కువగా కోరుకున్న’ చిత్రం గీశారు. నీలం రంగు ఎక్కువగా ఉన్న ప్రకృతి దృశ్యం, నీళ్లు, జింకలు, షికారుకొచ్చిన మనుషులు, మధ్యలో జార్జ్ వాషింగ్టన్. ప్రతి కోరికా తీరింది, బొమ్మ మాత్రం ఎవరికీ అక్కర్లేనిదిగా తయారైంది. తర్వాత ఇంకా చాలా దేశాల్లో ఇదే సర్వే చేయిస్తే దాదాపు అన్నిచోట్లా అలాంటి నీలం దృశ్యమే వచ్చింది.

ఇక్కడ మనుషులు అభిప్రాయం ఇచ్చారు, చెయ్యి వేయలేదు. అభిప్రాయాలను కూడి సగటు తీస్తే తేడాలు చచ్చిపోతాయి. మజ్జిగకు ఉన్నది ఒకటే కుండ, అందులో ఎవరు నీళ్లు పోసినా అందరి వాటా పలచబడుతుంది. బొంతకు అలా కాదు. పక్కన ఇంకో వెయ్యి ముక్కలు చేరినా ఈ ముక్కలో ఒక్క కుట్టు కూడా వదులు కాదు. కమిటీలు కూర్చుని, అందరి మాటా విని, ఎవరికీ అభ్యంతరం లేని గోడబొమ్మను తేల్చే పద్ధతి మొదటి రకానిది. చేతులు కలిపిన పావురాలు, సూర్యోదయాలు, భూగోళాన్ని పట్టుకున్న అరచేతులు వచ్చేది అక్కడి నుంచే. పాల్గొనడం అంటే ఓటు వేయడం అనుకున్నంతకాలం అవి వస్తూనే ఉంటాయి.

రెండో రకానికి బొంత తర్వాత చెప్పుకోదగ్గది క్రోషే పగడపు దిబ్బ. దీని వెనక గణితం కథ ఉంది. అంచు వైపు వెళ్లేకొద్దీ అవసరానికి మించి పెరిగిపోయే ఉపరితలాన్ని గణితంలో హైపర్బాలిక్ తలం అంటారు. కాగితంతో దాన్ని చేస్తే చిరిగిపోతుంది, పట్టుకుని చూడడానికి నికరమైన నమూనా దొరికేది కాదు. 1997లో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో గణితజ్ఞురాలు డైనా టైమిన్యా దాన్ని క్రోషే సూదితో అల్లి చూపించింది. చేయాల్సిందల్లా ప్రతి కొన్ని కుట్లకు ఒక కుట్టు అదనంగా వేసుకుంటూ పోవడమే. గుడ్డ దానంతట అదే కుచ్చిళ్లు పోతుంది. ఆస్ట్రేలియాలో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డ కవల అక్కాచెల్లెళ్లు మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్‌లు ఆ కుచ్చిళ్లలో పగడాలను చూశారు. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చిపోతున్న కాలం అది. 2005లో ఇంట్లో మొదలుపెట్టారు.

నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే వచ్చేది లెక్కకు సరిపోయే ముద్దైన ఆకారం, కానీ అందులో ప్రాణం ఉండదు. కుట్టు ఒకసారి ఐదింటికి, ఒకసారి మూడింటికి పెంచి, మధ్యలో నూలు మార్చి, అక్కడక్కడా లెక్క తప్పితే అప్పుడు సముద్రంలో జీవిలా తయారవుతుంది. అంటే ఈ పనిలో తప్పుకు చోటు ఉండడం మాత్రమే కాదు, తప్పు వల్లే పని బాగుపడుతుంది. మిగతా సామూహిక కళల్లో కొత్తవాళ్ల చేతి లోపాన్ని సహిస్తారు, ఇక్కడ అది కావలసిన సరుకు. ఇలాంటి నియమం దొరకడం చాలా అరుదు. ఆ తర్వాత చాలా దేశాల్లో ఎక్కడికక్కడ జనం తమ సొంత దిబ్బలు అల్లుకున్నారు. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో ప్రదర్శించిన దానిలో సుమారు 4,000 మంది అల్లిన 40,000 పగడాలు ఉన్నాయి. అల్లినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. క్రోషేను కాలక్షేపం అల్లికగా చూసి, మ్యూజియం గడప దాటనివ్వని కాలం ఒకటుండేదన్నది ఇక్కడ గుర్తొస్తుంది.

పేరు ఎవరిది

చెయ్యి వేసినవాళ్లందరూ పాల్గొన్నట్టు కాదు. 2010లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం హాలులో చైనా కళాకారుడు ఐ వైవై పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పోయించాడు. అన్నీ పింగాణీవే, ఒక్కోదాని మీద చారలు చేత్తో వేసినవే. జింగ్‌డెజన్ పట్టణంలో 1,600 మంది పనివాళ్లు రెండేళ్లకు పైగా చేశారు. వాళ్లకు కూలి ఇచ్చారు. ఆ సంగతిని ఐ వైవై దాచలేదు సరికదా, పనివాళ్ల వీడియోను హాలులోనే చూపించాడు. అయినా దీన్ని సామూహిక కళ అనడం కష్టం. గింజ ఎలా ఉండాలో ముందే తేలిపోయింది, పనివాళ్లకు వదిలిన జాగా ఏమీ లేదు. అలాగని తక్కువ పని కాదు. వేలమంది చేసిన పని ఒక్కరి పేరు మీద నడిచే ప్రపంచం గురించే కదా అది.

గీత ఎక్కడ దాటుతుందో చూపించింది ఏరన్ కోబ్లిన్ గొర్రెలు. 2006లో అతను అమెజాన్ వాళ్ల చిల్లర పనుల వేదిక మెకానికల్ టర్క్‌లో ఒక పని పెట్టాడు. ఎడమవైపు చూస్తున్న గొర్రె బొమ్మ గీయాలి, గీసినందుకు 2 సెంట్లు ఇస్తారు. ఎందుకో చెప్పలేదు. 10,000 గొర్రెలు వచ్చాయి. వాటన్నిటినీ ఒకే తెర మీద పెట్టాడు. దేన్ని నొక్కితే దాన్ని గీసిన చెయ్యి ఎలా కదిలిందో కనిపిస్తుంది. కొందరు గొర్రె బదులు ఇంకేదో గీశారు, వాటిని పక్కన పెట్టేశారు. తర్వాత ఆ గొర్రెలను స్టాంపుల్లా అచ్చువేసి 20 గొర్రెల పలకను 20 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు గీసినవాళ్లలో కొందరు మండిపడ్డారు. చట్టప్రకారం వాళ్లకు దక్కాల్సింది 2 సెంట్లే, అది దక్కింది. కోపం డబ్బు గురించి మాత్రమే కాదు. తాము ఏదో కూలిపని చేశామనుకున్నారు, తీరా చూస్తే కళ చేశారు. ఆ సంగతి తమకు చివరగా తెలిసింది. కూలికి చేసిన గొర్రెలో కూడా మనిషి తనకు తెలియకుండా కాస్త తనను పెట్టేస్తాడు. కోబ్లిన్ తెలివంతా ఆ కాస్తను పట్టుకోవడంలో ఉంది, వాళ్ల కోపమూ అక్కడి నుంచే వచ్చింది.

జూడీ షికాగో 1974 నుంచి 1979 దాకా చేయించిన త్రికోణపు విందుబల్ల విషయంలో గొడవ ఇంకోలా ఉంది. చరిత్ర మరచిన 39 మంది స్త్రీలకు బల్ల మీద స్థానాలు, కింద నేల మీద ఇంకో 999 పేర్లు. కుట్టుపని, పింగాణీ పని చేసినవాళ్లు 400 మంది దాకా ఉంటారు, చాలామంది ఒక్క పైసా తీసుకోలేదు. పేరు మాత్రం షికాగోదే. మరుగునపడ్డ ఆడవాళ్ల పేర్లను వెలికి తీసే పనిలో ఇంకో 400 పేర్లు మరుగున పడ్డాయన్న విమర్శ వచ్చింది. విమర్శలో పదును ఉంది గానీ పూర్తిగా న్యాయం లేదు. పనిచేసినవాళ్ల పేర్లు, ఫొటోలతో పలకలు తయారుచేసి ప్రదర్శనలో పెట్టారు. పైగా ఇది అందరూ సమానంగా తేల్చిన పని అని షికాగో ఎప్పుడూ చెప్పుకోలేదు. నమూనా తనది, చేతులు వాళ్లవి. గొడవ ఎక్కువగా వచ్చేది అసమానత ఉన్నచోట కాదు, అసమానతను ‘మనందరిదీ’ అనే మాటతో కప్పినచోట.

పేరు విషయం ఇంత బరువెక్కడానికి విమర్శకులు కూడా కారణమే. 2006లో బ్రిటన్ విమర్శకురాలు క్లేర్ బిషప్ ఒక ఇబ్బందికరమైన మాట పట్టుకుంది. ఇలాంటి కళను తూచేటప్పుడు అందరినీ కలుపుకున్నారా, గౌరవంగా చూశారా అని అడుగుతున్నారు తప్ప, వచ్చిన పని బాగుందా అని ఎవరూ అడగడం లేదన్నది ఆమె అభ్యంతరం. నిజమే. మంచి ఉద్దేశంతో చేసిన గోడబొమ్మను బాగోలేదంటే మనుషులను అవమానించినట్టు అవుతుందని ఊరుకుంటారు. కానీ బాగోలేదని చెప్పలేని చోట బాగుందన్న మాటకూ విలువ లేదు.

ఈ పేచీకి జవాబుగా చూపించదగ్గ పని లాస్ ఏంజెలెస్‌లో ఒక వరదకాలువ కాంక్రీటు గోడ మీద ఉంది. చిత్రకారిణి జూడిత్ బాకా 1976లో అక్కడ బొమ్మ వేయించడం మొదలుపెట్టింది. మొదటి వేసవిలో పనిచేసింది సుమారు 80 మంది కుర్రకారు, వాళ్లలో చాలామంది పోలీసు కేసుల్లో ఇరుక్కుని వచ్చినవాళ్లు. వానల్లో కాలువ నిండుతుంది కాబట్టి వేసవుల్లోనే పని. 1980ల నడుమకల్లా 400 మందికి పైగా చేతులు కలిసి 2,754 అడుగుల పొడవున కాలిఫోర్నియా చరిత్రను గీశాయి. బడి పుస్తకాల్లో కనిపించని మూలవాసులు, వలసవాళ్లు, నల్లవాళ్లు అందులో ఉన్నారు. ఇక్కడ నియమం ముక్క కొలతలో లేదు, పని వరసలో ఉంది. ముందు చరిత్రకారులతో, ఆ కాలం చూసినవాళ్లతో కూర్చోవాలి, తర్వాత రేఖాచిత్రం, తర్వాత గళ్లు గీసి గోడ మీదికి పెంచడం, ఆ తర్వాతే రంగు. ఒకరినొకరు పొడుచుకునే వీధుల నుంచి వచ్చినవాళ్లు ఒకే ముఖానికి రంగు వేయాలి. నేర్పు లేనివాళ్లను నేర్పు అక్కర్లేని పనికి పరిమితం చేయడం గోర్మ్‌లీ దారి, వాళ్లకు నేర్పు వచ్చేదాకా కూర్చోబెట్టడం బాకా దారి. రెండోదానికి ఏళ్లు పడుతుంది. అందుకే అలాంటివి తక్కువ.

అయిపోయాక

పని పూర్తయిన మర్నాటి నుంచి దాన్ని ఎవరు చూసుకోవాలి? సామూహిక కళకు ఇది పాతజబ్బు. చేసేటప్పుడు వెయ్యిమంది, తర్వాత ఎవరూ ఉండరు. బాకా గోడ ఎండకూ పొగకూ వెలిసిపోతే 2011లో బాగుచేయించాల్సి వచ్చింది. బొంతను చివరిసారి పూర్తిగా ఒకేచోట పరిచింది 1996లో. ఆ తర్వాత అంత పెద్దదాన్ని మొత్తంగా పరవడం ఎవరి తరమూ కాలేదు. ఇప్పుడది ముక్కలు ముక్కలుగా తిరుగుతుంది.

మాలి దేశంలోని జెన్నే పట్టణంలో మట్టితో కట్టిన పెద్ద మసీదుకు ఈ జబ్బు లేదు. ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది. వానలకు గోడ కరుగుతుంది కాబట్టి ఏటా ఊరు ఊరంతా కలిసి మట్టి మెత్తుతారు. గోడల నుంచి బయటికి పొడుచుకొచ్చిన తాటి కర్రలు అందానికి పెట్టినట్టు కనిపిస్తాయి, మెత్తేవాళ్లు ఎక్కి నిలబడేది వాటి మీదే. జనం మళ్లీ మళ్లీ రావాల్సి ఉంటుందన్న లెక్కతోనే ఆ గోడ కట్టారు.

దానికి పూర్తిగా ఎదురు దారి ఫ్రాన్సిస్ అలీస్‌ది. 2002 ఏప్రిల్‌లో లిమా నగరం బయట 500 మంది పారలు పట్టుకుని వరసగా నిలబడి, ఒక పెద్ద ఇసుకదిబ్బను ఈ చివర నుంచి ఆ చివరకు తవ్వుకుంటూ వెళ్లారు. దిబ్బ పది సెంటీమీటర్లు జరిగిందంటారు. మర్నాడు గాలికి ఆ తేడా కూడా మిగిలి ఉండదు. చూసుకోవడానికి ఏమీ లేదు, చెప్పుకోవడానికి ఉంది.

2022 ఏప్రిల్‌లో రెడిట్ ప్లేస్‌ను మళ్లీ పెట్టింది. ఈసారి కోటి మందికి పైగా వచ్చారు. చదరాన్ని నడుస్తుండగానే పెంచుతూ పోయి నాలుగు రెట్లు చేశారు, రంగులను 32 చేశారు. జట్లు నాలుగు రోజులు నిద్రాహారాలు మాని బొమ్మలు కాపాడుకున్నాయి. చివరి గంటల్లో ముందు చెప్పాపెట్టకుండా నియమం ఒకటి మారింది. రంగుల వరసలో తెలుపు ఒక్కటే మిగిలింది. వేయాలంటే తెల్లగడే వేయాలి, లేదా వేయకుండా కూర్చోవాలి. కూర్చున్నవాళ్లు తక్కువ. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. కొన్ని గంటల్లో ఆ కోటి మంది చేతులే జెండాలనూ ముఖాలనూ ఒక్కో గడి చొప్పున చెరిపేసుకుంటూ వచ్చాయి, చదరం మొదటి రోజు ఉన్నట్టే తెల్లగా అయిపోయింది.